జవాబు వచ్చేదాకా

“నువ్వక్కడ చేసేది కూడా తిండి పెట్టడం, మురికి ఎత్తడమే కదా. అదేదో ఇక్కడ అమ్మకి చెయ్యి,” అన్నాడు మొగుడు, తిన్న కంచం తెచ్చి సింకులో పడేస్తూ.

ఆమె అప్పుడు ఆ సింకు దగ్గరే నిలబడి అత్తగారి మందుల గ్లాసు కడుగుతోంది. ఆయన కోపంగా అనుంటే ఇంత మండేది కాదు. కోపంలో నోరుజారిన మాటకి తెల్లారేసరికి పదును పోతుంది. ఇది అలాంటిది కాదు. కడుపునిండా తిని, తేన్చి, తీరిగ్గా ఆలోచించి, ఇంతకంటే న్యాయమైన మాట ఇంకెవరూ చెప్పలేరన్న ధీమాతో అన్న మాట. అనేసి తువ్వాలుకి చేతులు తుడుచుకుని, దాన్ని కుర్చీ మీద పడేసి వెళ్లిపోయాడు. అది తీసి ఆరేసేది ఎవరో ఆయనకి బాగా తెలుసు.

ఆమె పనిచేసేది మెదడు మీద పరిశోధన చేసే సంస్థలో. డాక్టరేట్ చేసి, సొంతంగా ఒక ప్రశ్న పట్టుకుని, దాని వెనకే ఏళ్ల తరబడి తిరుగుతున్న మనిషి. ఆయన మాత్రం ఎవరికైనా పరిచయం చెయ్యాల్సి వస్తే “మా ఆవిడ ఏదో ల్యాబ్‌లో చేస్తుంది” అంటాడు. ఆ ‘ఏదో’ అనేటప్పుడు చేత్తో గాల్లో ఈగని తోలినట్టు ఒక విసురు విసురుతాడు.

మెదడంటే లోకానికి న్యూరాన్లే. ఆలోచన వాటిదే, జ్ఞాపకం వాటిదే, పేరంతా వాటిదే. ఆమె పెంచేది వాటి పక్కన ఉండే గ్లియా కణాల్ని. ఎప్పుడో ఒక డాక్టరుగారు వాటిని చూసి, న్యూరాన్లు కదలకుండా అంటించి ఉంచే జిగురు కాబోలు అనుకుని, ఆ అర్థం వచ్చే పేరే పెట్టేశాడు. అవి చేసే పనేంటో చూసే ఓపిక లేనివాడు పెట్టిన ఆ పేరే ఖాయమైంది. నిజానికి వాటిలో రకాలున్నాయి. రక్తంలోంచి సరుకు తెచ్చి న్యూరాన్లకి అందించేవి కొన్ని. చచ్చినదాన్నీ పాడైనదాన్నీ తిని శుభ్రం చేసేవి కొన్ని. న్యూరాన్ల పొడుగాటి తీగలకి కొవ్వుతో తొడుగు చుట్టేవి కొన్ని. ఆ తొడుగు ఉంటేనే కబురు తీగ మీద రివ్వున పోతుంది. అది ఊడితే కబురు పాక్కుంటూ వెళ్తుంది, ఒక్కోసారి దారిలోనే ఆగిపోతుంది. ఆమె ప్రశ్న ఈ చుట్టే కణాల గురించే. ముసలి మెదడులో కూడా వాటి పిల్లకణాలు బోలెడన్ని ఉంటాయి, కానీ ఎదిగి పనిలోకి దిగవు. ఎందుకు దిగవు, ఎలా దించాలి? ఈ ప్రశ్నకి జవాబు దొరికితే ఎంతమంది ముసలివాళ్లు మళ్లీ చురుగ్గా మాట్లాడతారో, నడుస్తారో ఆమె ఊహించుకునేది. ఊహించుకోవడానికి బస్సులో కిటికీ పక్క సీటు దొరికిన రోజున మాత్రమే తీరిక ఉండేది.

ల్యాబ్‌లో ఆమె గదికి ‘వంటిల్లు’ అని పేరు. అక్కడున్న కణాలన్నిటికీ కావలసిన పోషక ద్రవాలు ఆ గదిలోనే తయారవుతాయి కాబట్టి ఎవరో సరదాకి అన్నారు, అది అతుక్కుపోయింది. “మీ వంటింట్లోంచి ఒక నాలుగు పళ్లేలు పంపండమ్మా” అంటాడు డైరెక్టరు, మీటింగ్ మధ్యలో, అందరి ముందూ, ఏదో చమత్కారం చేసినట్టు. ఆయన న్యూరాన్ల మనిషి. ఆయన న్యూరాన్లు ఆమె పెంచిన గ్లియా మీద పరిస్తే తప్ప వారం బతకవు. ఆ సంగతి ఆయన రాసిన పేపర్లలో చివర చిన్న అక్షరాల్లో, వాడిన రసాయనాల పేర్ల మధ్య ఉంటుంది. ఇంట్లో ఒక వంటిల్లు, బయట ఒక వంటిల్లు. ఆమె బతుక్కి గది మారింది గానీ పని మారలేదని ఆయన నవ్వినప్పుడల్లా అనిపించేది. అయినా ఆ గదంటే ఆమెకి ప్రాణం. తలుపు వేసుకుంటే లోపల యంత్రాల రొద తప్ప ఇంకేం వినబడదు. ఎవరూ పేరు పెట్టి పిలవరు, ఏదీ ఎక్కడుందని అడగరు.

అత్తగారు బడిలో లెక్కల టీచరుగా చేరి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. ప్రశ్న వేశాక పిల్లలకి ఊపిరి పీల్చుకునే టైం కూడా ఇచ్చేది కాదట. “చెప్పు చెప్పు, ఠక్కున చెప్పు” అని బల్ల మీద బెత్తంతో కొట్టేదట. రిటైరయ్యాక బెత్తం బడిలోనే వదిలేసింది గానీ అలవాటు ఇంటికి తెచ్చుకుంది. కొత్తగా కాపురానికొచ్చిన కోడల్ని పక్కింటావిడ ముందు కూర్చోబెట్టి “నువ్వు చేసే ఉద్యోగం ఏంటో చెప్పు” అంది. ఆమె నోరు తెరిచేలోపే “ఎలకల్ని కోస్తుందట” అని తనే చెప్పేసి ముక్కు మూసుకుని నవ్వింది. ఆ రోజు నుంచీ ల్యాబ్ నుంచి రాగానే తలారా స్నానం చేస్తే తప్ప వంటగదిలో అడుగు పెట్టనిచ్చేది కాదు, ఒళ్లు కాలిపోయే జ్వరంలో కూడా. వంట మాత్రం ఆమే చెయ్యాలి, దానికి ఏ అంటూ లేదు.

ఆమెకి కడుపు పోయినప్పుడు అత్తగారు ఆస్పత్రి వరండాలో నలుగురూ వినేలా “ఆ మందుల కంపులో తిరిగేదానికి ఏం నిలుస్తుంది” అంది. లోపల మంచం మీద పడుకుని ఆమె ఆ మాట స్పష్టంగా విన్నది. మొగుడు అక్కడే గోడకి ఆనుకుని ఉన్నాడు. ఆయనా విన్నాడు. తర్వాత అడిగితే “పెద్దది, ఏదో అంటుంది, నువ్వు చదువుకున్నదానివి కదా, పట్టించుకోకు” అన్నాడు. చదువు ఎందుకు పనికొస్తుందో ఆ ఇంట్లో ఆమెకి తెలిసింది అప్పుడే. ఎదుటివాళ్లు ఏమన్నా పట్టించుకోకుండా ఉండటానికి.

అంత పదునైన నోరు ఈమధ్య నెమ్మదించింది. మొదట నడక తగ్గింది, నేలకి కాళ్లు అంటుకుపోయినట్టు ఈడ్చుకుంటూ నడిచేది. తర్వాత మాట తగ్గింది. ఏదైనా అడిగితే మొహంలోకి చూస్తూ ఊరుకునేది. ఆస్పత్రిలో డాక్టరు “మీకు తెలిసిన జంతువుల పేర్లన్నీ గబగబా చెప్పండమ్మా” అని వాచీ చూసుకుంటూ కూర్చున్నాడు. ఒకప్పుడు క్లాసు మొత్తాన్ని గడగడలాడించిన మనిషి, ‘కుక్క’ అని, చాలాసేపటికి ‘ఆవు’ అని ఆగిపోయింది. మొగుడు బయటికొచ్చి చెల్లెలికి ఫోన్ చేసి “అమ్మకి మతి పోయింది” అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

స్కాన్ ఫిల్మ్ ఆమె చూసింది. డాక్టరు లైటు మీద పెట్టి చూపిస్తున్న ఆ తెల్ల మచ్చలు ఆమెకి కొత్తవి కావు. సన్న రక్తనాళాలు దెబ్బతిని, చుట్టే కణాలు చచ్చిపోయి, తీగల మీద తొడుగు ఊడిపోయిన చోట్లవి. తను ఏళ్లుగా ఎలకల్లో వెతుకుతున్నది అత్తగారి నుదుటి వెనక మబ్బుల్లా పరుచుకుని ఉంది. “మతి పోలేదు. లోపల అన్నీ ఉన్నాయి. బయటికి రావడమే ఆలస్యం,” అని ఇంటికొచ్చే దారిలో మొగుడికి చెప్పింది. “ఆలస్యంగా వస్తే ఏంటి, రాకపోతే ఏంటి? మనకి ఒరిగేదేముంది?” అన్నాడాయన, స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేస్తూ.

డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడు, పాపం మంచికే. “మీ కోడలుగారు మెదడు సైంటిస్టా? మీరు అదృష్టవంతులమ్మా.” ఆ మాటతో ఆమె మెడకి ఉచ్చు పడింది. అన్నేళ్లూ ‘ఏదో ల్యాబ్’ అయిన ఉద్యోగం రాత్రికి రాత్రి గొప్ప చదువైపోయింది. “నీకంటే బాగా ఎవరు చూస్తారు? మెదడు గురించి ఇంట్లో తెలిసినది నువ్వొక్కదానివే కదా!” అనడం మొదలుపెట్టారు అన్నా చెల్లెలూ. ఆమె చదివిన చదువంతా చివరికి అత్తగారి పక్కబట్టలు మార్చడానికి అర్హతగా పనికొచ్చింది.

మొగుడు ఏమీ చెయ్యలేదని అనకూడదు. చక్రాల కుర్చీ కొన్నాడు. తల్లిని అందులో కూర్చోబెట్టి బాల్కనీ దాకా తోసి, ఫోటో తీయించి, బంధువుల గ్రూపులో పెట్టాడు. ‘బంగారం లాంటి కొడుకు’ అని పొద్దుగూకేదాకా పొగడ్తలు వచ్చిపడ్డాయి. ఆ ఫోటో తీసింది ఆమే. తీశాక కుర్చీని మళ్లీ లోపలికి తోసుకొచ్చింది కూడా ఆమే.

జవాబు ఆలస్యంగా వస్తుందని పుస్తకంలో తెలియడం వేరు, చెవిన పడటం వేరు. ఒకరోజు పొద్దున్నే “నీళ్లిమ్మంటారా?” అని అడిగి, ఉలుకూ పలుకూ లేకపోతే పనిలో పడింది. బాక్సు సర్దుకుని, జుట్టు దువ్వుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి గొంతు వినబడింది. “వేడివి ఇవ్వు. చన్నీళ్లు వద్దు.” ఆమె చెప్పు కాలికి సగం తొడుక్కుని అలాగే నిలబడిపోయింది. ఆరోజు నుంచీ అడిగాక ఆగడం మొదలుపెట్టింది. ల్యాబ్‌లో కణాలు పళ్లెం అడుక్కి దిగేదాకా ఆగడం అలవాటైన మనిషి, ఆమెకి అదేం కష్టం కాలేదు. ఎదురుగా స్టూలు వేసుకుని, మొహంలోకి చూస్తూ, నోరెత్తకుండా కూర్చునేది. మధ్యలో మాట కలిపితే మళ్లీ మొదటికొచ్చేది. కలపకుండా ఉంటే అత్తగారి పెదవులు కాస్త కదిలేవి, కనుబొమలు ముడిపడేవి, ఆ తర్వాత మాట వచ్చేది, చెక్కు చెదరకుండా, మొత్తంగా.

వచ్చేది ఏం మాటనుకున్నారు? ఒకసారి “ఏం కావాలి?” అని అడిగి, పొయ్యి మీద పాలు పొంగుతున్నా లేవకుండా కాచుక్కూర్చుంటే, అత్తగారు తాపీగా “నీ తల చూస్తే పిచ్చిదానిలా ఉన్నావ్” అంది. అంతసేపు కూర్చుని తిట్టు తినడం లోకంలో ఇంకెవరికీ రాసిపెట్టి ఉండదు. ఆమెకి ఒళ్లు మండింది, వెంటనే నవ్వూ వచ్చింది. లోపల మనిషి మారలేదు. అదే హెడ్‌మిస్ట్రెస్, అదే నోరు. ఒకప్పుడు ఎవరికీ ఊపిరి తీసుకునే టైం ఇవ్వని ఆ మనిషి మాట ఇప్పుడు బయటికి రావాలంటే కోడలు ఆగాలి, కోడలు ఆగకపోతే ఆ మాట లేనట్టే. ఈ సంగతి ఆమెకి తెలుసు. అత్తగారికీ తెలుసని ఆ కళ్లు చూస్తే అర్థమయ్యేది. ఇద్దరి మధ్యా ప్రేమ పుట్టలేదు, జాలి కూడా పుట్టలేదు. ఆ స్టూలు మీద కూర్చున్న ప్రతిసారీ ఆమెకి ఆస్పత్రి వరండా గుర్తొచ్చేది.

పగలు చూసుకోడానికి పెట్టిన ఆయా అత్తగారి మాటలు పడలేక మానేసింది. ఆమె సెలవు పెట్టాల్సి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ల్యాబ్‌లో ముసలి ఎలకల నుంచి తీసిన పిల్లకణాలు కొన్ని, మొదటిసారిగా, ఎదిగి తొడుగు చుట్టడానికి చేతులు చాపాయి. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన దృశ్యం అది. కణాలకి తిండి మార్చడంలో ఒక పద్ధతుంది. పళ్లెంలో పాత ద్రవం మొత్తం తీసెయ్యకూడదు, సగం తీసి సగం కొత్తది పొయ్యాలి. కణాలు తమకోసం, పక్కవాటికోసం చేసుకున్న సరుకంతా ఆ పాత సగంలోనే ఉంటుంది. ఈ మాట ఆమె డైరెక్టరుకి ఫోన్ చేసి రెండుసార్లు చెప్పింది. ఆయన “తిండి పెట్టడానికి ఇంత పాఠమా అమ్మా, నేను చూసుకుంటాలే” అన్నాడు.

చూసుకున్నాడు. పళ్లేల్లో ద్రవం పసుపురంగుకి తిరిగి మురికిగా కనిపించిందట, పాపమని మొత్తం పారబోసి తళతళలాడే కొత్తది పోశాడు. తాత్కాలికంగా ఇంకో ఆయా దొరికి ఆమె తిరిగొచ్చేసరికి చేతులు చాపిన కణాలన్నీ ముడుచుకుని, ఊడి, ద్రవంలో తేలుతున్నాయి. ఆమె సూక్ష్మదర్శిని మీంచి తలెత్తలేదు, ఎత్తితే ఏడుస్తానేమోనని భయం. వెనక నిలబడి డైరెక్టరు “ఇలాంటి సున్నితమైన పనులు పెట్టుకుని ఊరికే సెలవులు పెడితే ఎలా అమ్మా? ఇంట్లో చూసుకోడానికి ఇంకెవరూ లేరా?” అని అడిగాడు. ఇంట్లో మొగుడు ఆమెని అడిగేది, ల్యాబ్‌లో నీ పని చూసుకోడానికి ఇంకెవరూ లేరా అని. ఈ ఇద్దర్నీ ఒక గదిలో పెట్టి తాళం వేస్తే ఎంత బాగుణ్ణని ఆ పూట ఆమె మనస్ఫూర్తిగా అనుకుంది.

మళ్లీ మొదలుపెట్టింది. కొత్త కణాలు పళ్లేల్లో పరిచింది. అవి చేతులు చాపే సమయానికి ఆదివారం పడింది, ఆరోజు సాయంత్రంలోపు సగం ద్రవం మార్చాలి. సరిగ్గా అదే ఆదివారం ఆడపడుచు పళ్ల సంచీతో దిగింది, అమ్మ సంగతి ఏదో ఒకటి తేల్చెయ్యడానికి.

హాల్లో సోఫా మీద అన్నా చెల్లెలూ, కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో అత్తగారు. ఆమె భోజనాల బల్ల కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుంది. మొగుడు గొంతు సవరించుకుని తియ్యగా మొదలుపెట్టాడు. ఎక్కడో ఏదో వ్యాసం చదివాడట. “మెదడులో గ్లియా ఎలాగో ఇంట్లో ఆడది అలాగట. కనిపించకుండా అందర్నీ మోస్తుంది. నాకు చదువుతుంటే నువ్వే గుర్తొచ్చావ్. ఈ ఇంటి గ్లియావి నువ్వే!” ఆడపడుచు “ఎంత బాగా చెప్పావన్నయ్యా” అని కళ్లు పెద్దవి చేసింది.

ఆమెకి ఒంటి మీద పురుగు పాకినట్టైంది. తను కన్న ప్రశ్నని తెచ్చి తన మెడకే గుదిబండగా కట్టాడు. “గ్లియా మొయ్యడం ఒక్కటే కాదండీ, తింటాయి కూడా,” అంది. “ఎక్కువకాలం రేగిపోయి ఉంటే బతికున్నవాటిని కూడా తినేస్తాయి. ఆ వ్యాసంలో అది రాయలేదా?”

మొగుడి మొహం మాడింది. ఆ తియ్యదనం అంతటితో సరి. “చూడూ, సూటిగా మాట్లాడుకుందాం. బయటివాళ్లు అమ్మ దగ్గర నిలవరు. చెల్లికి ట్రావెల్స్ ఆఫీసు ఉంది, వదిలిరాలేదు. నాది సరే, నీకు తెలుసు. రాజీనామా నేనే టైప్ చేసి నీ ఫోన్‌కి పంపాను. నువ్వు మీ డైరెక్టరుకి పంపిస్తే చాలు, ఒక్కసారి నొక్కడమే.”

“అమ్మక్కూడా వదిన చేతి మీదుగా వెళ్లిపోవాలనే ఉంటుంది,” అంది ఆడపడుచు. తల్లి వైపు వంగి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు గట్టిగా “ఏమ్మా, ఎవరి దగ్గర ఉంటావ్? వదిన దగ్గరే కదా?” అని అడిగి, అత్తగారు రెప్ప వేసేలోపే “చూశావా, ఇక్కడేనట” అని వెనక్కి వాలింది. “సరే అయితే. వదినా, కాస్త టీ పెడతావా? తలనొప్పిగా ఉంది.”

ఆమె లేవలేదు. ఆ ఇంట్లో ఒక ప్రశ్న అడిగి, దానికి జవాబు కూడా అడిగినవాళ్లే చెప్పుకోవడం ఇది మొదటిసారి కాదు. ఎలకల్ని కోస్తుందట అన్నరోజూ ఇదే జరిగింది. అత్తగారు ఏం చెప్తుందో ఆమెకి తెలియనిదా? ‘ఇది మానెయ్యాలి, ఇదే చెయ్యాలి’ అంటుంది, ఇంకేమంటుంది? అయినా సరే. తన ఉద్యోగం పోయేదే అయితే, ఆ మాట అనాల్సిన మనిషి నోటితో అనిపించుకునే పోవాలి. ఆడపడుచు తలనొప్పికి మధ్యలో పోకూడదు.

“ఆగండి. ఆవిడ ఇంకా జవాబు చెప్పలేదు,” అంది.

“ఏం చెప్తుంది? మతి లేని మనిషి...” అని మొగుడు అందుకున్నాడు.

“అడిగారుగా. అడిగినవాళ్లు వినాలి. ఎవరూ మాట్లాడకండి.”

ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. ఇద్దరూ నోరు మూశారు. మొగుడి ఫోన్ మోగింది, ఆమె చెయ్యి చాపి దాన్ని కట్టేసింది. ఆడపడుచు అటు కదిలి ఇటు కదిలి “ఏంటి వదినా ఈ నాటకం” అని గొణిగితే వేలు పెదవి మీద పెట్టి చూసింది. పై అంతస్తులో ఎవరో బల్ల జరిపిన చప్పుడు. ఊరికే కూర్చోవడం వాళ్లిద్దరికీ ఎంత ప్రాణసంకటంగా ఉందో చూస్తుంటే ఆమెకి కాస్త హాయిగా కూడా అనిపించింది. అత్తగారి కనుబొమలు ముడిపడ్డాయి. పెదవులు కదిలాయి.

“దీని దగ్గర వద్దు.”

ఆడపడుచు ఉలిక్కిపడింది. “అయ్యో, ఏదో అంటోంది అన్నయ్యా, అది జబ్బు మాట...”

ఆమె చెయ్యెత్తి ఆపింది. అత్తగారి పెదవులు ఇంకా కదులుతున్నాయి. ఈసారి ముందుకంటే ఎక్కువసేపు పట్టింది. ఆ ముసలి కళ్లు నేరుగా కోడలి కళ్లలోకి చూస్తున్నాయి, వాటిలో ప్రేమ లేదు, పశ్చాత్తాపం లేదు. భయం ఉంది.

“నేనేం చేశానో దీనికి గుర్తుంది. నాకూ గుర్తుంది. దీని స్థానంలో నేనుంటే నన్ను చూసేదాన్ని కాదు.”

ఆమె కాపురానికొచ్చాక అత్తగారు కోడలి గురించి చెప్పిన మొదటి నిజం ఇది. ఇందులో క్షమాపణ లేదు, ఆమెకి అది అక్కర్లేదు కూడా. తనకీ కోపం ఉంటుందనీ, ఆ కోపం చెయ్యెత్తగలదనీ ఆ ఇంట్లో ఒక్క మనిషైనా గుర్తించింది. అన్నేళ్లలో ఆమెకి దక్కిన గౌరవం అదొక్కటే, అదీ శత్రువు దగ్గర్నుంచి.

అత్తగారు మెడ నెమ్మదిగా తిప్పి కొడుకు వైపు చూసింది.

“వీడు చూస్తాడు. వీణ్ణి నేను బాగా చూశాను.”

“నేనా?” అన్నాడు మొగుడు. ఆ ఇంట్లో అందరికంటే వేగంగా పనిచేసే మెదడు ఆయనదే, రెప్పపాటు కూడా పట్టలేదు. “నేనెలా చూస్తానమ్మా? నాకు ఉద్యోగం ఉంది కదా!”

అన్నాక ఆ మాట ఆయనకీ వినబడినట్టుంది. ఆడపడుచు ఒళ్లో ఉన్న పళ్ల సంచీ ముడి విప్పడంలో మునిగిపోయింది. ఆ మాటకి జవాబు తను చెప్పాలని ఆమెకి అనిపించలేదు. ఫోన్ తీసి, ఆయన టైప్ చేసి పంపిన రాజీనామా తెరిచి, ఆయన చూస్తుండగానే చెరిపేసింది. లేచి, బ్యాగు భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంది.

“ఎక్కడికి? ఇక్కడ ఇంత జరుగుతుంటే?” మొగుడు సోఫాలోంచి సగం లేచాడు. “అమ్మ ఏదో అందని పట్టుకుని వెళ్లిపోతావా? నువ్వేదో ఒకటి చెప్పు!”

“అన్నది మిమ్మల్ని,” అందామె. “నాకు ల్యాబ్‌లో పనుంది, వస్తాను.”

తలుపు తీసి ఒకసారి వెనక్కి చూసింది. కిటికీ వెలుగులో అత్తగారి మొహం కొడుకు వైపే తిరిగి ఉంది. కనుబొమలు మళ్లీ ముడిపడుతున్నాయి, ఇంకేదో మాట లోపలెక్కడో బయల్దేరింది, ఇంకా దారిలోనే ఉంది. అది ఏ మాటో తెలుసుకోవాలని ఆమెకి లేదు.

“కూర్చోండి,” అంది మొగుడితో. “మీ అమ్మ మీతో ఇంకా మాట్లాడుతోంది.”